ఏ పనికీ రానిది ఒకటి

మా చిన్నమ్మ పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను కుప్పం బజారులో ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్ బేరమాడుతున్నాను. ఫోను చేసింది పుంగనూరులో ఆమె పక్కింటావిడ. "అమ్మా, వాకిలి ఎప్పట్లాగే తెరిచి ఉండాది. టీ ఇద్దామని లోపలికి పోయి పిలిస్తే పలకలేదు. మధ్యాన్నం అన్నం తిని పడుకున్న మనిషి, పడుకున్నట్టే ఉండాది" అంది. నేను వస్తున్నానని చెప్పి బస్టాండుకు పరుగెత్తాను. బస్సు పలమనేరు దాటాక చేతిలో ఏదో మెత్తగా తగిలింది. చూస్తే గ్యాస్కెట్. ఎప్పుడు డబ్బులిచ్చానో, ఎప్పుడు తీసుకున్నానో గుర్తే లేదు.

మనిషి పోయిందని తెలిశాక కూడా పనికొచ్చే వస్తువును వదలని చెయ్యి నాది. మా చిన్నమ్మ చెయ్యి అలాంటిది కాదు. ఆ చెయ్యి గురించే మీకు చెప్పాలని కూర్చున్నాను.

ఆమె మా అమ్మకు చెల్లెలు. మా అమ్మా నాన్నా సోమల దగ్గర కూలికి పోయేవాళ్లు. హైస్కూలు చదువుకని నన్ను మదనపల్లెలో చిన్నమ్మ దగ్గర పెట్టారు. ఆమె మార్కెట్ యార్డులో టమోటాలు ఏరే పని చేసేది. పెళ్లయిన మూడేళ్లకే చిన్నాయన పోయాడు, పిల్లలు లేరు. యార్డుకు దగ్గర్లో ఒక్క గది ఇల్లు. అందులో ఒక మంచం, ఒక కిరోసిన్ స్టవ్వు, నేను, నా పుస్తకాలు. ఇవి కాక, గూట్లో వరసగా పేర్చిన ఆమె సొత్తు.

ఆ సొత్తు ఏమిటో చెబితే మీరు నవ్వుతారు. ప్లాస్టిక్ ద్రాక్షగుత్తి. నెమలీకలతో చేసిన విసనకర్ర, విసిరితే గాలి రాదు, ఈకలు రాలతాయి. చేప ఆకారంలో ఉన్న తాళంకప్ప, దానికి తాళంచెవి లేదు. మడమలు ఎత్తుగా ఉండే ఎర్ర చెప్పులు. బొత్తాం నొక్కితే పిచ్చుకలా కూసే వాకిలి గంట. మా వాకిలి పగలంతా తెరిచే ఉండేది, వచ్చేవాళ్లు గుమ్మంలోంచే పిలుచుకుంటూ వచ్చేవాళ్లు. ఆ గంటను ఆమె పని నుంచి వచ్చి తానే ఒకసారి నొక్కి, అది కూసినంతసేపూ నిలబడి విని, "ఎవురూ? నేనే" అనుకుంటూ లోపలికి వచ్చేది.

నెలకొకటి, మొదటి శనివారం, ఏ పనికీ రానిది ఒకటి కొనాలి. ఇది ఆమె పెట్టుకున్న నియమం. అదీ ఇంట్లోకి బియ్యం, నూనె కొనకముందే కొనాలి. నేను ఒకసారి అడిగాను, ముందు సరుకులు తెచ్చుకుని తర్వాత మిగిలితే కొనుక్కోవచ్చు కదా అని. "ముందు బియ్యం కొంటే ఇంగ ఆ పొద్దుకు నాకు బుద్ధొచ్చేస్తాది పాపా. బుద్ధి రాకముందే కొనాల" అంది.

బజారులో ఒక ఫ్యాన్సీ స్టోరు ఉండేది, ఇప్పటికీ ఉంది. అక్కడ ఆమె బేరం చూడముచ్చటగా ఉండేది. ఒక వస్తువు చేతిలోకి తీసుకుని, "ఇది దేనికప్పా?" అని అడిగేది. అంగడాయన పాపం అమ్ముకునే మనిషి కదా, "సబ్బు పెట్టుకోవచ్చమ్మా" అనేవాడు. "అయితే వద్దులే" అని పెట్టేసేది. "ఇది?" "ఇందులో పిన్నీసులు, సూదులు ఏసుకోవచ్చు." "అట్లనా, అదీ వద్దు." చివరికి ఆయన విసుగెత్తి, "ఇది దేనికో నాకే తెలీదమ్మా, లోడులో వచ్చింది" అంటే ఆమె మొహం వెలిగిపోయేది. "ఇది కట్టియ్యి" అనేది. కొన్నాళ్లకు ఆయన కూడా ఆట నేర్చుకున్నాడు. ఆమె గడప ఎక్కుతుండగానే, "దేనికీ పనికిరానిది ఒకటి పెట్టిండానమ్మా నీకోసరం" అని కేకేసేవాడు.

నేను పదో తరగతిలో ఉండగా ఒక శనివారం నన్ను ముందుకు తోసి, "ఈ నెల నువ్వు ఏరుకో" అంది. నేను జామెట్రీ బాక్సు చూపించాను. "అది బడికి. అదెట్లా కొనిస్తా. ఇంగోటి సూడు." నేను టార్చిలైటు చూపించాను. ఆమె తల అడ్డంగా తిప్పింది. నేను అరగంట ఆ అంగట్లో తిరిగాను. ఏది ముట్టుకున్నా నా బుర్ర దానికి ఒక పని వెతికి పెట్టేది. చివరికి ఉత్త చేతులతో బయటికి వచ్చాం. దారిలో నా నెత్తి నిమిరి, "ఇంత చిన్న బిడ్డకు ఇంత పెద్ద బుద్ధి యాడినుంచి వచ్చిందో" అంది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

ఆమెది దుబారా అని మాత్రం ఎవరూ అనుకోకండి. నా బడి ఫీజు ఏ నెలా ఆగలేదు, కడుపుకు ఏ పూటా తక్కువ కాలేదు. తనకు మాత్రం రెండు చీరలతో సంవత్సరం గడిపేది. ఆదివారం తలంటుకుని, ఆ ఎర్ర చెప్పులు వేసుకుని గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు టకటకా నడిచేది. నేను లెక్కలు చేసుకుంటూ, "చిన్నమ్మా, అవి వేసుకుని బజారుకన్నా పోవచ్చు కదా" అంటే, "యాడికన్నా పోతే కాళ్లు నొప్పి. యాడికీ పోనప్పుడు ఏసుకుంటే సుకంగా ఉండాది" అనేది. ఆ టకటకకు నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ గదిలో నాకు స్పష్టంగా వినిపించే చప్పుడు అదొక్కటే.

ఎందుకిలా కొంటావని నేను ఆమెను చాలాసార్లు అడిగాను. ఒక్కసారే సరిగ్గా చెప్పింది. ఆరోజు సెలవు, నేను అన్నం క్యారియరు తీసుకుని యార్డుకు పోయాను. ఆమె పోగు ముందు కూర్చుని చేతులాడిస్తోంది. గట్టికాయ క్రేటులోకి, మెత్తకాయ పక్కకు. కళ్లు అటు తిప్పకుండానే చేతులు వేరుచేసేస్తున్నాయి. "పొద్దుగూకులా ఇదే పని పాపా" అంది. "పనికొచ్చేది ఈడ, పనికిరానిది ఆడ. ఇంటికొచ్చినా అంగడికి పోయినా మల్లా అదే ఏరాల్నా? పనికిరానిదాన్ని గూడా ఎవురో ఒకరు ఇంటికి తీసకపోవాల గదా."

అప్పుడు అది నాకు టమోటాల మాటగానే వినిపించింది. చిన్నాయన పోయిన నెలకే అత్తగారు ఆమె పెట్టె బయటపెట్టి, "ఇంగ నువ్వు మాకేం పనికొస్తావు" అన్నదని చాలా ఏళ్ల తర్వాత మా అమ్మ చెప్పింది. చిన్నమ్మ నోట ఆ సంగతి ఏ రోజూ రాలేదు. ఆ రోజు పెట్టె పట్టుకుని మదనపల్లె బస్టాండులో దిగి, అన్నం తినకుండా మొదట కొన్నది ఆ ప్లాస్టిక్ ద్రాక్షగుత్తి అని కూడా మా అమ్మే చెప్పింది.

నేను టీచరు ట్రైనింగు చేసి కుప్పంలో ఉద్యోగంలో చేరాను, పెళ్లి చేసుకున్నాను. ఆమెకు పుంగనూరులో పిల్లల హాస్టల్లో వంటమనిషి పని దొరికింది. నెల జీతం, కాలనీలో సొంతానికి చిన్న ఇల్లు. ఆ ఇంటి గోడలో అద్దాల అలమర ఒకటి కట్టించుకుంది, తన సొత్తు కోసం. మొదటి శనివారం మాత్రం బస్సెక్కి మదనపల్లెకే పోయేది. చేతిలో సెల్‌ఫోను లేని రోజుల్లో ముత్యాల రంగు ఫోను కవరు కొనుక్కుంది. రెండేళ్లు అది అలమరలో హాయిగా ఉంది. తర్వాత నేను ఫోను కొనిస్తే దానికి ఆ కవరు సరిగ్గా సరిపోయింది. "అయ్యో, ఇది పనిలో పడిపోయిందే" అని నిజంగానే బాధపడింది.

ఇక నా తప్పు చెప్పాలి. ఇది రాయడానికి కూర్చున్నదే దానికోసం, చుట్టూ తిరుగుతున్నాను కానీ.

ఎనిమిదేళ్ల కిందట దసరా సెలవుల్లో ఆమె ఇంటికి సున్నం కొట్టిద్దామని పోయాను. ఆమె హాస్టలుకు పోయింది. అలమర ఖాళీ చేస్తూ ఆ సామానంతా నేలమీద పోశాను. రంగు వెలిసిన ద్రాక్షలు, ఈకలు ఊడిన విసనకర్ర, బ్యాటరీ లేని గంట, తాళంచెవి లేని చేప. నాకు చిరాకు ముంచుకొచ్చింది. జీవితమంతా కష్టపడి ఈమె కూడబెట్టింది ఈ చెత్తా అనుకున్నాను. సరిగ్గా అప్పుడే వీధిలో పాత సామాన్లకు ప్లాస్టిక్ సామాన్లు ఇచ్చే బండి మైకులో అరుచుకుంటూ వచ్చింది. నేను అంతా ఒక గోతాంలో వేసి ఎత్తిచ్చేశాను. ఎర్ర చెప్పులతో సహా. బండి మనిషితో గట్టిగా బేరమాడి, బకెట్టు ఇస్తానంటే వినకుండా, పెద్ద నీలం టబ్బు తీసుకున్నాను. ఎంత బాగా బేరమాడానో అని ఆ సాయంత్రం దాకా నా గురించి నేను గర్వపడ్డాను.

ఆమె వచ్చి అలమర చూసింది. అందులో నేను స్టీలు డబ్బాలు పేర్చాను, పప్పులకు, పొడులకు. డబ్బాలు అటూ ఇటూ జరిపి చూసి, "గంట గూడానా?" అంది.

"అది కూసి ఎన్నేళ్లయింది చిన్నమ్మా. దేనికి పనికొస్తుంది?" అన్నాను.

"పనికి రాదులే" అంది. తర్వాత టబ్బు దగ్గరికి పోయి అంచు పట్టుకుని చూసింది. "టబ్బు బో గట్టిగుండాది. బట్టలు నానబెట్టుకోవచ్చు." అంతే. నన్నొక్క మాట అనలేదు. రాత్రికి నాకిష్టమని ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప వేపుడు చేసి పెట్టింది.

ఆ తర్వాత ఆమె ఇంట్లో కొత్తగా ఏ పనికీ రానిది నాకు కనిపించలేదు. దారిలోకి వచ్చిందని మా ఆయనతో గొప్పగా చెప్పాను. పోయినప్పుడల్లా ఆమెకు ఏదో ఒకటి తీసుకుపోయేదాన్ని. మిక్సీ, మోకాళ్లకు బెల్టు, బీపీ చూసుకునే మిషను, కుక్కరు. ప్రతిదాన్నీ తిప్పి చూసి, "పనికొస్తాదిలే పాపా" అనేది. ఎనిమిదేళ్లూ ఆ మాటకు నేను సంతోషపడ్డాను. ఆ అంగట్లో ఆమె ఆ మాట విని ఎన్ని వస్తువులు వెనక్కి పెట్టేసిందో కళ్లారా చూసినదాన్ని, నాకెందుకు తట్టలేదో తెలియదు.

పోయినవాళ్లకు ఇష్టమైనవి పదకొండో రోజు ఫోటో ముందు పెట్టడం మాలో ఆనవాయితీ. కొత్త చీర, తినే పదార్థాలు, వాడుకున్న వస్తువులు. పనులన్నీ మా మామ, అంటే చిన్నమ్మ తమ్ముడు, చూసుకున్నాడు. ఫోటో కూడా ఆయనే ఆధార్ కార్డులోంచి పెద్దది చేయించాడు. అందులో ఆమె ఎవరో గద్దించినట్టు బిగుసుకుని ఉంది. ముందురోజు ఆయన నాతో, "కళ్లజోడు, వక్కాకు సంచి పెడతాండాము. ఇంగ ఆమెకు బాగా ఇష్టమైంది ఏందో నీకే తెల్సు పాపా. నువ్వు తీసుకురా" అన్నాడు.

నేను మదనపల్లె బస్సెక్కాను.

అదే ఫ్యాన్సీ స్టోరు. అంగడాయన ముసలివాడైపోయాడు, నన్ను గుర్తుపట్టలేదు. నేనూ చెప్పలేదు, ముందు వస్తువు దొరకనీ అనుకున్నాను. గాజు బుడ్డి ఒకటి తీశాను, పెన్నులు పెట్టుకోవచ్చు అనిపించింది. చిన్న అద్దం తీశాను, బ్యాగులో ఉంటే పనికొస్తుంది. పింగాణీ పిల్లిబొమ్మ తీశాను, కాగితాలు ఎగిరిపోకుండా పైన పెట్టుకోవచ్చు. నలభై అయిదేళ్ల మనిషిని, పదో తరగతి పిల్లలాగా ఆ వరసల మధ్య తిరిగాను. ఆమె కోసం ఒక్క పనికిరాని వస్తువు ఏరలేకపోతున్నాను. చివరికి అక్కడున్న స్టూలు మీద కూలబడి ఏడ్చేశాను.

అంగడాయన కంగారుపడి నీళ్లు తెప్పించాడు. "యాల ఏడస్తాండావు తల్లీ? ఏం కావాల్న? ఎంత వయసు పాపకి?" అన్నాడు.

"అరవై ఎనిమిది" అన్నాను.

నేను చెప్పాను. యార్డులో టమోటాలు ఏరేది, తర్వాత పుంగనూరుకు పోయింది, నెలకోసారి మీ దగ్గరికి వచ్చి ఏ పనికీ రానిది అడిగి కొనుక్కునేది అని. నా మాట పూర్తికాకముందే ఆయన మొహం మారిపోయింది.

"ఆయమ్మా? పోయిందా?" అన్నాడు. పై అర వైపు చూసి, "పోయిన నెల గూడా వచ్చిందే" అన్నాడు.

"వచ్చేదా? కొనడం మానేసి ఎనిమిదేళ్లయింది కదా."

"కొనేది లేదమ్మా. వచ్చి సూసి పోతాండె. నేను ఎత్తకపోమ్మా అంటే, ఇంట్లో జాగా లేదప్పా అంటాండె."

ఆ జాగాలో కందిపప్పు డబ్బా పెట్టింది నేనే.

ఆయన స్టూలెక్కి పై అరలోంచి ఒకటి దించాడు. పసుపుపచ్చ ప్లాస్టిక్ బాతు, పక్కన కీ. కీ ఉన్న పక్కంతా రంగు పోయి తెల్లగా ఉంది. "వచ్చినప్పుడల్లా ఇది దించమంటాది. కీ తిప్పి ఈ బల్ల మీద పెడితే కాళ్లు కొట్టుకుంటాది గానీ కదల్దు. ఇది నీళ్లలో పోయేది గదా. నీళ్లలో ఇడిస్తే ఎట్ల పోతాదో ఒక తూరి సూడాల్నప్పా అంటాండె. తిప్పి తిప్పి రంగు పోగొట్టేసింది. కొత్తది ఉండాది, అదిస్తా ఉండు."

"వద్దు. ఇదే ఇవ్వండి" అన్నాను.

ఆయన దాన్ని తువ్వాలుతో తుడిచి కాగితంలో చుట్టాడు. నేను ఆ పొట్లం పట్టుకుని బస్టాండు దాకా నడిచాను. దారిలో టమోటాల లారీలు, పట్టుగూళ్ల బస్తాలు వేసుకున్న ఆటోలు, అన్నీ ఏదో పనిమీద పోతున్నాయి. బస్సులో పక్కన కూర్చున్నామె, "ఏందమ్మా అది, పిల్లోళ్లకా?" అంది. "కాదు, దేనికీ కాదు" అన్నాను. ఆ మాట అనడం అంత హాయిగా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

పదకొండో రోజు ఫోటో ముందు అరిటాకు వేశారు. చీర, పండ్లు, ఉర్లగడ్డ వేపుడు, కళ్లజోడు, వక్కాకు సంచి. నేను పెరట్లోకి పోయి నీలం టబ్బు తెచ్చాను. ఎనిమిదేళ్లు బట్టలు నానబెట్టి నానబెట్టి అడుగు తెల్లబడింది, అంచు ఒకచోట చిట్లింది. శుభ్రంగా కడిగి ఫోటో ముందు పెట్టి, బిందెలతో నీళ్లు పోశాను. అందరూ ఏదో శాస్త్రం కాబోలని చూస్తున్నారు. నేను కాగితం విప్పి బాతును తీశాను.

"ఇదేంది పాపా? దీనికి నీళ్లు ఎందుకు? ఇది దేనికి?" అన్నాడు మామ.

"దేనికీ పనికిరాదు మామా" అన్నాను.

కీ తిప్పి నీళ్లలో వదిలాను. బాతు ఒక్క క్షణం పక్కకు ఒరిగింది, సర్దుకుంది, కాళ్లు టపటపా కొట్టుకుంటూ బయల్దేరింది. అంచుకు తగిలి మళ్లీ ఇటు తిరిగింది. ఆధార్ కార్డు ఫోటోలోంచి మా చిన్నమ్మ దాన్నే చూస్తోంది. నేను ఫోటో పక్కనే కూర్చుని, "సూడు చిన్నమ్మా, ఇట్లా పోతుంది" అన్నాను.

వడ్డన మొదలయ్యాక అందరూ వసారాలోకి పోయారు. నేను నీళ్ల చెంబు కోసం లోపలికి వచ్చేసరికి బాతు కీ అయిపోయి టబ్బు నడిమధ్యలో ఆగి ఉంది. దాని ముందు మా మామ ఒక్కడే గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూడలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, బాతును నీళ్లలోంచి తీసి, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా కీ తిప్పుతున్నాడు.